తుఫాను ఇంకా రాలేదు: టర్నర్ 'బానిస ఓడ'లో వెలుగు, రంగు, వస్తువు

టర్నర్ 1840లో లండన్ రాయల్ అకాడమీ ప్రదర్శనలో పెట్టిన 'బానిస ఓడ' గురించి నూట ఎనభై ఏళ్ళకు పైగా రాస్తూనే ఉన్నారు. రాసినవాళ్ళు స్థూలంగా రెండు జట్లు. మొదటి జట్టుకి కనిపించేది సూర్యాస్తమయం. ఆ ఎరుపు, ఆ పసుపు, నీటి మీద పరుచుకున్న ఆ నిప్పు చూసి చేతులు జోడించి నిలబడిపోతారు. నీళ్ళలో ఏముందని అడిగితే, అది చిత్రకారుడికి దొరికిన ఒక సందర్భం అంటారు. రెండో జట్టుకి కనిపించేది బానిస వ్యాపారం. చరిత్ర చెబుతారు, అంకెలు చెబుతారు, టర్నర్‌ను మానవతావాది అని మెచ్చుకుంటారు. మరి ఆ రంగుల సంగతేమిటంటే, వస్తువుకు తగిన శిల్పం అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మన దగ్గర దశాబ్దాలుగా నలుగుతున్న వస్తు శిల్పాల తగాదాలో ఉన్న రెండు వైపులూ ఇవే. నేను ఏ జట్టులోనూ చేరను. ఈ చిత్రంలో వెలుగు ఒక సాక్ష్యం చెబుతోంది. ఓడ యజమానుల తరఫున ఒకప్పుడు కోర్టులో వినిపించిన వాదాన్ని అది కాదంటోంది. వస్తువును మాత్రమే చూసేవాళ్ళు ఆ సాక్ష్యాన్ని వినరు. వెలుగును మాత్రమే చూసేవాళ్ళకి అక్కడొక వ్యాజ్యం నడుస్తోందనే తెలియదు.

చిత్రం పెద్దదేమీ కాదు. సుమారు 91 సెంటీమీటర్ల ఎత్తు, 123 సెంటీమీటర్ల వెడల్పు. మా బడి నల్లబల్లలో సగం కూడా ఉండదు. 1899 నుంచి అమెరికాలో బోస్టన్ నగరపు లలితకళల మ్యూజియంలో ఉంది. అక్కడికి వెళ్ళి చూసే స్తోమత నాకు లేదు. రంగుల ప్రతుల్లో చూసి రాస్తున్నాను. ఏ రెండు ప్రతుల్లోనూ ఎరుపు ఒకేలా ఉండదు. అందుకని ఎరుపు ఎంత ఎరుపు అనే చర్చలోకి నేను దిగను. వెలుగు ఎక్కడుంది, చీకటి ఎక్కడుంది, దేని తర్వాత ఏది కంటబడుతుంది అన్నవి ఏ ప్రతిలోనైనా మారవు. నా మాటలకు అవే ఆధారం.

చిత్రం నడుమ సూర్యుడు. గుండ్రటి బింబం కాదు. ఆకాశంలోంచి నీటిదాకా నిలువుగా దిగిన తెల్లటి, పసుప్పచ్చటి మంట. రంగును కత్తితో మందంగా మెత్తినట్టు ఉంటుంది అక్కడ. ఆ మంటకు రెండు వైపులా నారింజ, ఎరుపు, ఊదా. ఎడమవైపు, కొంచెం దూరంగా, ఓడ. దాని స్తంభాలు సన్నగా, ఎర్రగా ఉన్నాయి. వాటి మీద తెరచాపలు విప్పి లేవు. ఓడ చుట్టూ బూడిద, తెలుపు కలిసిన నురగ లేస్తోంది. కుడివైపు పైన మాత్రం కాస్త నీలం మిగిలి ఉంది. కింద సముద్రం రాగి రంగులో, గోధుమ రంగులో గుట్టలాగా ఉబ్బుతోంది. ఇక కుడివైపు అడుగున ఒక కాలు. తల్లకిందులుగా మునిగిపోతున్న మనిషి కాలు. మడమ దగ్గర ఇనుప కడియం. దాని చుట్టూ చేపలు మూగుతున్నాయి, పక్షులు వాలుతున్నాయి. ముందుభాగంలో నీళ్ళ మీద అక్కడక్కడ చేతులు, గొలుసుల ముక్కలు. ఓడ మీద నావికుడు ఒక్కడు కూడా మనకి గుర్తుపట్టేలా కనిపించడు. తోసినవాడి చెయ్యి చిత్రంలో ఎక్కడా లేదు.

కన్ను వెళ్ళే వరస ముఖ్యం. మొదట సూర్యుడి దగ్గరికి వెళ్తుంది. వెళ్ళక తప్పదు, అంత వెలుగు ఇంకెక్కడా లేదు. అక్కడి నుంచి నీటి మీది వెలుగు వెంట కిందికి దిగుతుంది. తర్వాత ఓడ. కాలు ఆఖరున. ఒకసారి పదో తరగతి పిల్లలకి ఈ బొమ్మ చూపించాను. వర్ణన రాయడం నేర్పాలన్నది నా ఉద్దేశం. అయిదు నిమిషాల పాటు అందరూ సాయంత్రం అందంగా ఉందనే చెప్పారు. మేఘాలు, కెరటాలు, కుంకుమ రంగు అన్నీ వచ్చాయి. రెండో బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "సార్, ఈ కాలు ఎవరిది?" అంది. ఆ తర్వాత సాయంత్రం గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. చిత్రం తన పని తాను చేసుకుపోయింది. అందంగా ఉందన్న మాట ముందు మన నోటే చెప్పించి, ఆ మాట అన్నందుకు మనల్ని ఇబ్బందిలో పెట్టడం ఈ చిత్రం పద్ధతి. టర్నర్ కాలును పెద్దదిగా చేసి నడిబొడ్డున పెట్టి ఉంటే మనం మొదటే జాలిపడి, బాధ్యత తీరిందనుకుని పక్క చిత్రం దగ్గరికి వెళ్ళిపోయేవాళ్ళం.

ఇప్పుడు వ్యాజ్యం సంగతి. 1781లో 'జాంగ్' అనే ఓడ ఆఫ్రికా పశ్చిమ తీరం నుంచి 442 మంది బానిసలతో జమైకాకు బయలుదేరింది. లివర్‌పూల్ వర్తకులు కొందరు దాని యజమానులు. దారి తప్పారు. రోగాలతో అరవై మందికి పైగా బానిసలు చనిపోయారు. నవంబర్ 29న ఓడవాళ్ళు యాభైకి పైగా స్త్రీలను, పిల్లలను సముద్రంలోకి తోసేశారు. తర్వాతి రోజుల్లో మగవాళ్ళను తోశారు. మొత్తం 130 మందికి పైనే. మంచినీళ్ళు చాలవని చెప్పిన కారణం. అసలు కారణం బీమా. రోగంతో చచ్చిన బానిసకు బీమా డబ్బు రాదు, అది 'సహజ మరణం'. ఓడను కాపాడుకోవడానికి సరుకును సముద్రంలోకి విసిరేస్తే మాత్రం నష్టపరిహారం ఇవ్వాలి, అది 'సముద్ర ప్రమాదం'. తలకు ముప్ఫై పౌన్ల చొప్పున యజమానులు దావా వేశారు. 1783లో జ్యూరీ వాళ్ళకే అనుకూలంగా తీర్పు చెప్పింది. బీమాదారులు ఒప్పుకోక పైకి వెళ్ళారు. ప్రధాన న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ మళ్ళీ విచారణ జరపమన్నాడు. జరిగిన దాఖలా లేదు. ఆ రెండు విచారణల్లోనూ వాదన అంతా సరుకు గురించే. బానిసగా ఉండి విడుదలైన ఓలాడా ఈక్వియానో ఈ వార్త తీసుకెళ్ళి గ్రాన్విల్ షార్ప్‌కు చెబితే, ఇది హత్య అని షార్ప్ మొత్తుకున్నాడు. హత్యానేరం కింద ఎవరినీ బోనెక్కించలేదు.

ఆ విచారణలో బయటపడిన ఒక సంగతి నన్ను వదలదు. మధ్యలో వాన కురిసింది. నీళ్ళు దొరికాయి. అయినా ఆ తర్వాత కూడా కొంతమందిని తోసేశారు. ఓడ జమైకా చేరేసరికి పీపాల్లో ఇంకా నీళ్ళు మిగిలే ఉన్నాయి. అంటే సముద్రం మీద నెపం పెట్టినవాళ్ళకి ఆకాశమే ఎదురు సాక్ష్యం చెప్పింది.

టర్నర్ ఈ కథను థామస్ క్లార్క్‌సన్ రాసిన బానిస వ్యాపార నిషేధ చరిత్రలో చదివి ఉంటాడని పండితులు అంటారు. ఆ పుస్తకం 1839లో మళ్ళీ అచ్చయింది. 1840 జూన్‌లో లండన్‌లోనే ప్రపంచ బానిసత్వ వ్యతిరేక మహాసభ జరిగింది. చిత్రం అప్పుడు ప్రదర్శనలో ఉంది. కాని ఇది జాంగ్ ఓడకు వేసిన బొమ్మ అని కచ్చితంగా చెప్పడానికి వీల్లేదు. జాంగ్ కథలో తుఫాను లేదు. 1830లలో కూడా అలాంటి ఓడలు తిరుగుతూనే ఉన్నాయి. తుఫానును టర్నర్ తెచ్చిపెట్టాడు. ఎందుకు తెచ్చాడన్నదే అసలు ప్రశ్న. సముద్ర చిత్రాలు కొనే ధనికులకి తుఫానంటే ఇష్టం కాబట్టి తెచ్చాడని ఒక జవాబు. అది నాకు చాలదు.

చిత్రం పూర్తి పేరు చూడండి: 'చచ్చినవాళ్ళనూ చావబోతున్నవాళ్ళనూ సముద్రంలోకి విసిరేస్తున్న బానిస వర్తకులు – తుఫాను వస్తోంది'. చచ్చినవాళ్ళకి బీమా లేదు, విసిరేసినవాళ్ళకి ఉంది. పేరులోనే ఆ లెక్క అంతా ఉంది. రెండో ముక్క ఇంకా ముఖ్యం. తుఫాను 'వస్తోంది'. వచ్చిందని అనలేదు. ఇప్పుడు చిత్రంలోని వెలుగుకు రండి. సూర్యుడు ఇంకా కనిపిస్తున్నాడు. కుడివైపు ఆకాశం ఇంకా కొంత తేటగా ఉంది. ఓడ పక్కన ఒక్కచోటే గాలి మొదలైంది. తెరచాపలు దించుకోవడానికి వాళ్ళకి వ్యవధి దొరికింది. అప్పటికే మనుషులు నీళ్ళలో ఉన్నారు. ఓడకు ఎంతో దూరంలో, చేపలు చేరేంత సేపటి నుంచి ఉన్నారు. నేరం జరిగిన తర్వాత తుఫాను వస్తోంది. ఏది ముందు, ఏది వెనక అన్నది మాటల్లో చెప్పాలంటే వాక్యాలు కావాలి. చిత్రంలో దాన్ని వెలుగు చెబుతుంది. ఆకాశం మొత్తం నల్లబడి ఉంటే, కెరటాలు ఓడను మింగేస్తూ ఉంటే, అదే కాలు, అదే గొలుసు ఉన్నా కూడా మనం 'అయ్యో సముద్రమా' అనేవాళ్ళం. యజమానుల వకీలు కోరుకున్నదీ అదే.

సముద్ర చిత్రం వెయ్యడంలో ఉన్న చిక్కు ఇక్కడే ఉంది. అందులో పెద్ద పాత్ర ఎప్పుడూ సముద్రమే. ఎంత భీకరంగా వేస్తే అంత మెప్పు. మనిషి చేసిన ఘోరాన్ని ఆ భీకరత్వం నడుమ పెడితే, ఘోరం కూడా ప్రకృతి ఖాతాలోకి వెళ్ళిపోతుంది. ఈ ప్రమాదం చిత్రకారులకే పరిమితం కాదు. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచేసినప్పుడు పదివేల మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత నేను చదివిన కవితల్లో చాలావాటిలో కడలి రాకాసి అయింది, అల నాలుక చాచింది, గాలి పగబట్టింది. రాసినవాళ్ళ దుఃఖాన్ని నేను శంకించను. కాని గడ్డి గుడిసెలో ఉన్నవాడికీ మేడ మీద ఉన్నవాడికీ వచ్చిన ఉప్పెన ఒకటే కాదన్న సంగతి ఆ పోలికల కింద కప్పడిపోయింది. కడలి కోపాన్ని ఎంత బాగా వర్ణిస్తే అంత బాగా కప్పడిపోయింది. ఉప్పెన రాకముందు ఆ ఊళ్ళో పగటి వెలుగు ఎలా ఉందో, ఎవరు ఎక్కడ కాపురం ఉన్నారో ఒక్క పాదంలో చెప్పిన కవి నాకు ఎక్కువ పనికొస్తాడు.

నడుమ సూర్యుడు, నీటి మీద వెలుగు బాట అనే ఏర్పాటు టర్నర్ కనిపెట్టింది కాదు. పదిహేడో శతాబ్దపు చిత్రకారుడు క్లాడ్ లొరెయిన్ దగ్గర నేర్చుకున్నది. క్లాడ్ వేసిన రేవు చిత్రాల్లో సూర్యుడు క్షితిజం మీద ఉంటాడు, రెండు పక్కలా మేడలు, ఓడలు, ఒడ్డున సరుకు దించే మనుషులు. నీటి మీద బంగారు బాట కన్నును మెల్లగా దూరానికి తీసుకెళ్తుంది. వర్తకం, శాంతి, సౌభాగ్యం ఒకే వెలుగులో మెరుస్తుంటాయి. టర్నర్‌కు ఆయనంటే ఎంత గురి అంటే, తాను వేసిన రెండు చిత్రాలను జాతీయ చిత్రశాలలో క్లాడ్ చిత్రాల పక్కన వేలాడదీయాలని వీలునామా రాశాడు. అదే సూర్యుడిని, అదే నీటి బాటను తెచ్చి ఆయన బానిస ఓడ పక్కన పెట్టాడు. ఈ బాట ఏ రేవుకూ వెళ్ళదు. ఒకవైపు ఓడ, ఇంకోవైపు అది విసిరేసిన మనుషులు, నడుమ ఇది. వర్తకపు రేవులకు బంగారు పూత పూసిన సూర్యుడే ఇక్కడ ఆ వర్తకం అడుగున ఏముందో చూపిస్తున్నాడు. తన గురువును ఇంతకన్నా గట్టిగా విమర్శించిన శిష్యుడు ఇంకొకడు ఉన్నాడో లేదో నాకు అనుమానమే. ఇదంతా బుద్ధిపూర్వకంగా చేశాడా అని అడగవచ్చు. చేసిన పని ఎదుట ఉంది కదా, ఉద్దేశం కోసం జేబులు వెతకడం ఎందుకు?

మన పండితులకి సముద్ర వర్ణన కొత్త కాదు. అష్టాదశ వర్ణనల్లో అర్ణవం ఉంది, అర్కోదయం ఉంది. ప్రబంధ కవి కథను ఆపి, వర్ణన చేసి, మళ్ళీ కథలోకి వస్తాడు. వర్ణన ఎత్తేసినా కథకు లోటు రాదు. లక్షణ భాషలో చెప్పాలంటే ప్రకృతి ఉద్దీపన విభావం, మనిషి ఆలంబనం. సూర్యాస్తమయాన్ని మెచ్చుకునే జట్టు ఈ చిత్రంలో ఉద్దీపనాన్ని చూసి ఆలంబనాన్ని మరిచిపోయింది. ఇక్కడ ఆ రెంటినీ విడదీసే వీలు లేదు. నీళ్ళకున్న ఎరుపు సూర్యుడి నుంచి ఎంత వచ్చిందో, మనుషుల నుంచి ఎంత వచ్చిందో గీత గీసి చెప్పండి చూద్దాం. చెప్పలేరు. సరిగ్గా ఆ కాలు ఉన్న చోట, వెలుగు అంతంతమాత్రంగా ఉన్న చోట, ఎరుపు గోధుమలోకి దిగి మురికిగా మారుతుంది. ఇది అలంకారం అయితే, అది ఎవరికి అలంకారం?

సరదాకి ఇంకో లెక్క. నాట్యశాస్త్రం రసాలకి రంగులు చెప్పింది. రౌద్రం ఎరుపు, అద్భుతం పసుపు, భయానకం నలుపు, బీభత్సం నీలం, కరుణ పావురపు బూడిద రంగు. టర్నర్ భరతుణ్ణి చదవలేదు, ఆయన చదివిన రంగుల శాస్త్రాలు వేరు. అయినా ఈ పట్టీ పెట్టుకుని చిత్రాన్ని చూస్తే ఒకటి తెలుస్తుంది. రౌద్రం, అద్భుతం రెండూ చిత్రమంతా పరుచుకుని ఉన్నాయి. కరుణకు దక్కిన పావురపు రంగు ఓడ వెనక నురగలోనే కొంచెం ఉంది, మునిగేవాళ్ళ దగ్గర లేదు. జాలి పడటానికి మనకి చోటు ఇవ్వలేదు. ఆ కాలంలో బానిసత్వ వ్యతిరేక కరపత్రాల మీద మోకాళ్ళ మీద కూర్చుని చేతులు జోడించిన నీగ్రో బొమ్మ వేసేవాళ్ళు. దయగల దొర ఆ బొమ్మ చూసి కన్నీరు పెట్టి, చందా ఇచ్చి, తన మంచితనానికి తానే మురిసిపోవచ్చు. టర్నర్ ఆ దయకు దారి మూసేశాడు.

ఇక రస్కిన్ సంగతి. విమర్శ రాసే మనకి ఇది ముఖ్యం. జాన్ రస్కిన్ 'మోడర్న్ పెయింటర్స్' మొదటి సంపుటం 1843లో వచ్చింది. టర్నర్ కీర్తిని ఒకే చిత్రం మీద నిలబెట్టమంటే ఈ చిత్రం మీదనే నిలబెడతానన్నాడు. కెరటాల గురించి, నీటి మీద మండే వెలుగు గురించి ఆయన రాసిన పేజీ ఇంగ్లీషు వచనంలో పేరెన్నికగన్నది. ఓడలో ఉన్నది బానిసలని, వాళ్ళని తోసేస్తున్నారని మాత్రం అడుగున ఒక చిన్న పాదసూచికలో చెప్పాడు. మనుషులను సముద్రంలోకి విసిరేస్తే, విమర్శకుడు వాళ్ళను పేజీలోంచి అడుగుకు విసిరేశాడు. ఈ అభియోగాన్ని గయానాలో పుట్టిన కవి డేవిడ్ డాబిడీన్ 1994లో తన 'టర్నర్' కావ్యానికి రాసిన ముందుమాటలో చేశాడు. ఆ తర్వాత చాలామంది దాన్ని వల్లెవేశారు.

అభియోగం నిజమే. కాని వల్లెవేసేవాళ్ళు రస్కిన్ పేజీని మళ్ళీ తెరిచి చూడటం లేదని నా అనుమానం. పై పాఠంలోనే ఆయన ఆ ఓడను దోషి అన్నాడు. స్తంభాల రంగును నెత్తుటితో పోల్చాడు. అంటే రంగులో నేరం ఉందని గ్రహించిన తొలి విమర్శకుడు ఆయనే. వస్తువును చూడలేదని ఆయన్ని నిందించడం తేలిక, అది సరైన నింద కాదు. ఆయన ఓడను దోషిగా నిలబెట్టాడు, ఆకాశం చేత శిక్ష వేయించాడు. ఈ నాటకంలో దోషి ఉన్నాడు, దండించే దైవం ఉంది, చచ్చినవాళ్ళు లేరు. నేరమంతా ఓడకూ దేవుడికీ మధ్య వ్యవహారం అయిపోయింది. మన అభ్యుదయ సమీక్షల్లో కూడా ఇలాంటిది తరచుగా చూస్తాను. దోపిడీ వ్యవస్థ ఉంటుంది, దాని మీద ఆగ్రహం ఉంటుంది, రేపటి ఎర్ర సూర్యుడు ఉంటాడు. కథలో పొలం పోగొట్టుకున్న మనిషి పేరేమిటో సమీక్ష చివరిదాకా చదివినా తెలియదు. ఆ మనిషి పాదసూచికకు కూడా నోచుకోడు.

రస్కిన్ తండ్రి 1844 కొత్త సంవత్సరానికి ఈ చిత్రాన్నే కొని కొడుక్కి కానుకగా ఇచ్చాడు. దాదాపు ముప్ఫై ఏళ్ళు అది రస్కిన్ దగ్గర ఉంది. ఆ వస్తువుతో కలిసి బతకడం మరీ బాధగా ఉందని చివరికి వదిలించుకున్నాడు. 1872లో అది అమెరికాకు వెళ్ళిపోయింది. పాదసూచికలో పెట్టినది ఇన్నేళ్ళూ ఆయన్ని ఊరుకోనివ్వలేదన్నమాట. ఆ ఒక్క విషయంలో నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

చిత్రాన్ని వెక్కిరించినవాళ్ళూ ఉన్నారు. ఇది గంభీరమా, హాస్యాస్పదమా అని తేల్చుకోలేకపోయానన్నాడు థాకరే 1840లోనే. మార్క్ ట్వేన్ పిల్లినీ టమాటాలనూ కలిపి వేళాకోళం చేశాడు. ఆ చేపలు చేపల్లా లేవన్నారు. ఇనుప గొలుసులు నీటి మీద తేలడమేమిటన్నారు. చేపల విషయంలో వాళ్ళ మాట నిజమే. అవి కొంచెం బొమ్మల పుస్తకంలోంచి దిగివచ్చినట్టే ఉంటాయి. గొలుసుల విషయం అలా తీసిపారేయలేం. ఇనుము మునుగుతుందని ఓడరేవుల్లో బతుకంతా తిరిగిన చిత్రకారుడికి ఒకరు చెప్పాలా? మనుషులు మునిగిపోతుంటే, వాళ్ళని కట్టిన ఇనుము పైన ఉండిపోయింది. చిత్రంతో పాటు ఆయన తన అసంపూర్ణ కావ్యం 'ఆశల భ్రమలు' నుంచి కొన్ని పాదాలు కేటలాగులో అచ్చు వేయించాడు. వాటిలో 'మార్కెట్' అనే మాట ఉంది. కవిగా ఆయన సామాన్యుడు. ఆ మాట వాడినందుకు మాత్రం మంచి మార్కులే వెయ్యాలి.

టర్నర్‌ను మానవతావాది అని పొగిడే రెండో జట్టుకి ఇప్పుడొక సంగతి చెప్పాలి. 1805లో ఆయన వంద పౌన్లు పెట్టి జమైకాలో ఒక పశువుల క్షేత్రంలో వాటా కొన్నాడు. అక్కడ పనిచేసేది బానిసలే. ఆ వ్యాపారం కొద్ది ఏళ్ళకే దివాళా తీసింది. ఇంగ్లండులో ఆనాడు డబ్బు ఉన్నవాడు ఎవడైనా ఆ వ్యాపారపు అంచు తగలకుండా బతకడం కష్టం. అది ఒక వ్యవస్థ కాబట్టే కష్టం. మంగలి కొడుకుగా పుట్టి పైకి వచ్చిన టర్నర్ ఆ వ్యవస్థకు బయట నిలబడి తీర్పు చెప్పినవాడు కాడు. 1840 నాటి చిత్రం ఆ వాటాకు ప్రాయశ్చిత్తమా అని కొందరు అడుగుతారు. ప్రాయశ్చిత్తాల లెక్క నాకు అక్కర్లేదు. తోసినవాడి చెయ్యి చిత్రంలో లేకపోవడానికి ఇది ఒక కారణమేమో అని మాత్రం అనిపిస్తుంది. చెయ్యి వేస్తే దానికి ఒక మొహం కావాలి, మొహానికి ఒక పేరు కావాలి. వాటాదార్ల మొహాలు అలాంటి ప్రదర్శనకు వచ్చే పెద్దమనుషుల్లోనే ఉంటాయి.

తోసినవాడికి మొహం లేకపోవడం చిత్రానికి బలం. తోయబడినవాడికి మొహం లేకపోవడం దాని లోపం. ఇక్కడ ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1819లో వేసిన 'మెడ్యూసా తెప్ప'తో పోల్చి చూడాలి. అదీ సముద్రమే, అక్కడా పాలకుల చేతగానితనానికి జనం చచ్చారు. జెరికో మనుషులను నిలువెత్తుకు మించి వేశాడు. వాళ్ళ కండరాలు, చూపులు అన్నీ ఉన్నాయి. ఆ మనుషుల గుట్ట పైన నిలబడి గుడ్డ ఊపుతున్నవాడు ఒక ఆఫ్రికన్. అతనికి వెన్ను ఉంది, చెయ్యి ఉంది, ఒక పని ఉంది. టర్నర్ ఆఫ్రికన్లకి పని ఏమీ లేదు, మునగడం తప్ప. వెలుగు వాళ్ళ తరఫున సాక్ష్యం చెబుతుంది, వాళ్ళు మాట్లాడరు. దీన్ని కప్పిపుచ్చి చిత్రాన్ని మెచ్చుకోవడం నాకు చేతకాదు.

కాలం కూడా గుర్తుపెట్టుకోవాలి. బ్రిటిష్ పార్లమెంటు 1833లో బానిసత్వాన్ని రద్దు చేసింది. నష్టపరిహారంగా రెండు కోట్ల పౌన్లు ఇచ్చింది, యజమానులకి ఇచ్చింది. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలకు ఆ చట్టం వర్తించదని అందులోనే రాసుకుంది. చెరుకు తోటలకి మనుషులు కావాలి. 1834 నుంచి మారిషస్‌కు కూలీల ఓడలు మొదలయ్యాయి. మన కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి కూడా జనం వెళ్ళారు. అందుకే అక్కడ తెలుగువాళ్ళకి 'కోరింగీలు' అని పేరు పడింది. 1838లో హెస్పరస్, విట్‌బీ అనే రెండు ఓడలు కలకత్తా నుంచి గయానాకు కూలీలను తీసుకెళ్ళాయి. ఆ ఏర్పాటు వెనక ఉన్న జాన్ గ్లాడ్‌స్టన్ నష్టపరిహారం అందుకున్న బానిస యజమానుల్లో ఒకడు. టర్నర్ చిత్రం అకాడమీ గోడ ఎక్కేనాటికి లండన్ ప్రేక్షకులు దాన్ని తమ దేశం కడిగేసుకున్న పాపంగా చూడగలిగారు. అదే సముద్రం మీద, అదే తోటల కోసం, వేరే రంగు చర్మం ఉన్న మనుషులను ఎక్కించుకుని ఓడలు అప్పటికే బయలుదేరాయి.

డాబిడీన్ గయానా వెళ్ళిన అలాంటి భారతీయ కూలీల సంతతివాడు. టర్నర్ మాట్లాడించని ఆఫ్రికన్‌ను మాట్లాడించడానికి ఆయన కావ్యం రాశాడు. చిత్రం ముందుభాగంలో నీళ్ళలో మునిగి ఉన్న తల దాని కథకుడు. ఆ కావ్యం చదివాక నేను మళ్ళీ రంగుల ప్రతి తీసి ఆ తల కోసం వెతికాను. కాలు ఉంది, చేతులు ఉన్నాయి. తల ఉండాల్సిన చోట, కడియం పడిన ఆ కాలికి దిగువన, టర్నర్ ముదురు గోధుమ రంగు వేశాడు. సూర్యుడి వెలుగు అక్కడిదాకా వెళ్ళలేదు.